బాలనటిగా పేరొచ్చిన అమ్మాయి పాప్ పాటల వైపు వెళ్లాలనుకుంటోంది: ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టవచ్చా?

కొర్లగుంట_అమ్మ
మా అమ్మాయికి మొన్ననే 14 ఏళ్లు నిండాయి. చిన్నప్పటి నుంచి భక్తి సీరియళ్లలోనూ, కొన్ని సినిమాలలోనూ బాలనటిగా వేషాలు వేసింది. తిరుపతిలో ఏ పెళ్లికి వెళ్లినా ఆమెను ఇప్పటికీ పాత్ర పేరుతోనే పిలుస్తారు. కొంతకాలంగా అవకాశాలు తగ్గాయి. చిన్నపిల్ల వేషానికి పెద్దదైపోయిందనీ, కథానాయిక చెల్లెలి వేషానికి ఇంకా చిన్నదనీ మేనేజర్లు చెబుతున్నారు. తనకు మాత్రం ఆ దిగులు ఏమీ లేదు. తలుపు వేసుకుని, ఫోనులో ట్రాక్ పెట్టుకుని, తానే రాసుకున్న తెలుగు మాటలకు పాప్ ధోరణిలో బాణీలు కట్టుకుంటూ ఉంటుంది. ఇక నటించననీ, పాటలే పాడతాననీ గట్టిగా అంటోంది.

ఇంతలో ఒక సంగీత సంస్థ వాళ్లు ఐదేళ్ల ఒప్పందం పంపించారు. పాటలు, వీడియోలు, స్టేజి కార్యక్రమాలు, యూట్యూబ్ ఛానెల్ అన్నీ వాళ్ల ఆధీనంలో ఉంటాయట. తెర మీద వాడే పేరు కూడా వాళ్లదే అవుతుందట. అవకాశం మళ్లీ రాదేమోనని మా వారు అంటున్నారు. ముందు నాలుగేళ్లు శాస్త్రీయ సంగీతం నేర్పించమని మా అత్తయ్య అంటున్నారు. ఈ దారిలో వెళ్లిన పిల్లలు ఎలా నిలబడ్డారో, ఆ కాగితంలో ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

అలిపిరి_నడక
సంతకం సంగతి పెద్దలు చెబుతారు. దారి ఉందా అని మాత్రం సందేహించకండి అక్కా. ఒలీవియా రోడ్రిగో 2016లో డిస్నీ ఛానెల్ ధారావాహికలో 13 ఏళ్ల బాలనటిగా కనిపించింది. 2021 జనవరిలో ఆమె సొంత పాట విడుదలైనప్పుడు ఆమె వయసు 17. అమెరికాలో వారం వారం పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో ఆ పాట నేరుగా మొదటి స్థానంలో దిగి, ఎనిమిది వారాలు అక్కడే ఉంది. మరుసటి ఏడాది ఆమెకు మూడు గ్రామీ సంగీత పురస్కారాలు వచ్చాయి. అరియానా గ్రాండే కూడా 2010లో నికెలోడియన్ ధారావాహికలో నటించి, 2013లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. ఆ వయసులో నటన వదిలి పాటకు రావడం అక్కడ మామూలు విషయం.

మిక్సింగ్_గది
అలిపిరి_నడక చెప్పినవన్నీ నిజమే కానీ, అక్కడికీ ఇక్కడికీ ఉన్న ఒక తేడాను వదిలేశారు. ఆ ధారావాహికలలో చాలావాటిలో పిల్లలు తమ సొంత గొంతుతో పాడతారు. 2006లో మొదలైన హనా మోంటానాలో మైలీ సైరస్ పాత్రే ఒక గాయని. కాబట్టి ప్రేక్షకులకు ముఖంతో పాటు గొంతు కూడా అలవాటైంది. మన దగ్గర బాలనటుల గొంతు చాలాసార్లు తెర మీద వినిపించదు. డబ్బింగ్ థియేటరులో పెద్దవాళ్లే చిన్నపిల్లల గొంతు చెబుతారు. మీ అమ్మాయికి సొంత డబ్బింగ్ ఉండేదా?

కొర్లగుంట_అమ్మ
లేదు సార్. ఒకటి రెండు సందర్భాలలో తప్ప అన్నింటికీ వేరేవాళ్లే చెప్పారు. తమిళ షూటింగుల వల్ల మా అమ్మాయి యాస మారిందని అనేవారు.

మిక్సింగ్_గది
అయితే ఆ పేరు ముఖానికి వచ్చిందే గానీ గొంతుకు వచ్చింది కాదు. పాటల విషయంలో ఆమె కొత్తగా అడుగుపెడుతున్నట్టే లెక్క. దీన్ని లోపమని నేను అనడం లేదు. ఒప్పందం పంపినవాళ్లు దేనికి వెల కడుతున్నారో మీరు తెలుసుకోవాలని చెబుతున్నాను. వాళ్లు కొంటున్నది పాత్రకు ఉన్న గుర్తింపునైతే, ఏడాదిలో పిల్ల ముఖం మారగానే వాళ్ల ఆసక్తి చల్లారుతుంది. పాటను వింటున్నారా లేదా అన్నదానికి ఒక గుర్తు ఉంది. ఆమె రాసుకున్న పాటలు వినిపించమని వాళ్లు ఒక్కసారైనా అడిగారా?

మా గదికి ఒక బాలనటుడు పాడటానికి వచ్చాడు. మైకు ముందు నిలబడగానే కళ్లు తడిశాయి, పెదవి వణికింది, కనుబొమలు పైకి లేచాయి. హెడ్‌ఫోనులో వింటే ఆ బాధ గొంతులో ఏ మూలనా లేదు. అద్దానికి అవతల ఉన్న తల్లిదండ్రులు మాత్రం కళ్లొత్తుకుంటున్నారు, ఎందుకంటే వాళ్లు చూస్తున్నారు గానీ వినడం లేదు. లైటు తగ్గించి, అబ్బాయిని గోడ వైపు తిప్పి నిలబెట్టి, చేతులు కట్టుకుని పాడమన్నాను. మొదట ఇబ్బంది పడ్డాడు. కాసేపటికి ముఖంలో ఉన్నదంతా గొంతులోకి దిగడం మొదలైంది. కెమెరా ముందు పెరిగిన పిల్లలకు ఈ అలవాటు మార్చుకోవడానికే చాలా సమయం పడుతుంది. ఆ సమయాన్ని ఏ ఒప్పందంలోనూ రాయరు.

తిరుచానూరు_వీణ
సంగీతం నేర్పేదాన్ని కనుక గొంతు గురించి చెబుతాను. ఈ వయసులో మగపిల్లల గొంతే మారుతుందని చాలామంది అనుకుంటారు. ఆడపిల్లల గొంతూ మారుతుంది. మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగితే, ఆడపిల్లలది రెండు మూడు స్వరస్థానాలు దిగుతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. నిన్నటిదాకా ఆరు శ్రుతిలో గలగలా పాడిన పిల్ల, ఇవాళ అంతకంటే కిందిదైన ఐదున్నరలో కూడా పై షడ్జమం, అంటే పై 'స' దగ్గర గాలి వదులుతుంది. మధ్య స్థాయిలో గొంతు జీరగా, సందు ఉన్నట్టుగా వినిపిస్తుంది. అది జబ్బు కాదు. అయితే అదే సమయంలో అరిచి అందుకోవడం అలవాటైతే, ఆ బిగుతు పెద్దయ్యాక కూడా వదలదు.

నెలకో పాట ఇవ్వాలన్న షరతు ఆ కాగితంలో ఉందేమో చూడండి. ఉంటే, గొంతు స్థిరపడకముందే పిల్లను పరుగెత్తించినట్టు అవుతుంది. పదహారు, పదిహేడేళ్లు వచ్చేదాకా ఆగితే ఆ అమ్మాయి తన అసలు గొంతుతో బయటికి వస్తుంది.

అలిపిరి_నడక
మేడం, ఇందులో మీతో ఏకీభవించలేను. పదిహేనేళ్ల పిల్లల మనసులోని మాట పదిహేనేళ్ల గొంతుతో వస్తేనే ఆ వయసు శ్రోతలకు తగులుతుంది. ఆ జీరను దాచుకోవలసిన అవసరం ఏముంది? నేను వినే పాటలలో చాలామంది గాలి గొంతుతోనే పాడుతున్నారు. అదీ గాక శాస్త్రీయ సంగీతంలో గట్టిపడిన గొంతుకు ప్రతి స్వరాన్నీ ఊపే అలవాటు పడుతుందనీ, పాప్ పాటలో ఆ గమకం అడ్డొస్తుందనీ మా బ్యాండు మిత్రులు అంటుంటారు.

తిరుచానూరు_వీణ
గాలి గొంతుతో పాడటం వేరు, గాలి ఆపుకోలేక పాడటం వేరు నాయనా. మొదటిది పాడేవారి ఇష్టం. రెండోది వారి చేతిలో లేనిది. మైకుకు దగ్గరగా మెల్లగా పాడాలంటే ఊపిరి మీద ఇంకా ఎక్కువ పట్టు ఉండాలి.

గమకం సంగతి సగం నిజం. వర్ణాలు, కృతులు సాధన చేసినవారికి ఆ అలవాటు పడుతుంది. కానీ తొలి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు మూడు కాలాలలో (వేగాలలో) నిలకడగా పాడించడం వల్ల ఏ పాటకూ నష్టం రాదు. అత్తయ్యగారు చెప్పినట్టు నాలుగేళ్లు అన్నీ మానుకుని నేర్చుకోమని నేను అనను. రోజూ పొద్దున ఫోనులో శ్రుతి వినిపించే తంబూరా యాప్ పెట్టుకుని, గొంతు తెరిచి, తన శ్రుతి ఎక్కడుందో వెతుక్కుంటూ అరగంట పాడితే చాలు. శ్రుతి దిగిందని తెలిసిన రోజున పాటను కూడా దించుకోవాలి. పాత స్కేలులోనే పాడాలని పట్టుబట్టకూడదు.

పదో_తరగతి_మాస్టారు
వచ్చే ఏడాది పదో తరగతి పరీక్షలు ఉంటాయన్న సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. షూటింగుల పిల్లలు మా బడిలోనూ చదివారు. హాజరు చాలకపోతే ఓపెన్ స్కూలు మార్గం ఉంది. అందులో చేరడం నామోషీ ఏమీ కాదు. కానీ స్నేహితులు లేని చదువు అయిపోతుంది. పాటలు రాసుకునే పిల్లకు రాయడానికి ఏదో ఒకటి జరగాలి కదా. అది తరగతి గదిలోనే ఎక్కువ జరుగుతుంది.

తాళ్లపాక_దారి
తిరుపతిలో పెరిగిన పిల్లకు పాప్ పాటలు ఎందుకన్నది నాకు అర్థం కాని విషయం. టీటీడీ వారి సంగీత నృత్య కళాశాల ఊళ్లోనే ఉంది. మహతి ఆడిటోరియం ఉంది. ఎస్వీబీసీ ఛానెల్‌లో పిల్లల చేత అన్నమాచార్య కీర్తనలు పాడిస్తున్నారు. భక్తి సీరియళ్లతో వచ్చిన గౌరవాన్ని ఆ దారిలోనే నిలబెట్టుకోవచ్చు. గదిలో తలుపులు వేసుకుని పాడే పాట ఊరికి ఎలా చేరుతుంది?

గోవిందరాజ_వీధి
తాళ్లపాక_దారి గారూ, అన్నమయ్య పదాలలో ఏలలు, జాజరలు, లాలిపాటలు, సువ్విపాటలు, కోలాటాలు ఉన్నాయి కదా. ఆనాడు దంచుతూ, ఊపుతూ, ఆడుతూ జనం పాడుకున్న బాణీలను ఆయన తీసుకున్నారు. ఈనాటి పిల్ల ఈనాటి జనం పాడుకునే బాణీని తీసుకుంటే తప్పేముంది? పైగా ఈ అమ్మాయి తెలుగులోనే రాసుకుంటోంది. ఆ ఒక్క విషయానికే నాకు ఎంతో సంతోషంగా ఉంది.

తాళ్లపాక_దారి
బాణీలు తీసుకున్నారన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆయన ఎవరికోసం పాడారో కూడా చూడాలి. నా అభిప్రాయం మారలేదు. అయితే అమ్మాయి తెలుగులో రాయడం మంచి విషయమే.

పాత_రికార్డులు
ఈ చర్చలో అందరూ అమెరికా వైపే చూస్తున్నారు. బాలనటి సినిమా దాటి ప్రైవేటు పాటతో నిలబడటం మనకు కొత్త కాదు. టంగుటూరి సూర్యకుమారి 1937లో విప్రనారాయణ చిత్రంతో పన్నెండేళ్ల ప్రాయంలో తెర మీదికి వచ్చారు. తరువాత ఎన్నో సినిమాలలో నటించారు. కానీ ఇవాళ ఆమెను తలుచుకునేది దేనికి? 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' పాటకు. ఆ పాట రాసిన శంకరంబాడి సుందరాచారి మన తిరుపతివారు. మన చిత్తూరు నాగయ్య నటించిన దీనబంధు సినిమా కోసం 1942లో రాసిన పాట అది. సినిమా ద్వారా కాకుండా, సూర్యకుమారి విడిగా పాడి ఇచ్చిన గ్రామఫోను రికార్డు ద్వారా ఇల్లిల్లూ చేరింది. ఆమె అక్కడితో ఆగలేదు. 1961లో న్యూయార్కులో రవీంద్రుని నాటకంలో నటించి అక్కడి విమర్శకుల పురస్కారం అందుకున్నారు. తరువాత లండనులో స్థిరపడ్డారు.

తిరుచానూరు రోడ్డులో సుందరాచారి విగ్రహం దగ్గర బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, ఒక బాలనటి సినిమాతో సంబంధం లేకుండా పాడిన పాట రాష్ట్ర గీతమైంది. ప్రైవేటు పాట అంటే సినిమా దొరకనివాళ్లు పాడేదని తీసిపారేసేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

వెంకటగిరి_చీర
పైన చెప్పినదానికి మరొక పేరు కలుపుతాను. రావు బాలసరస్వతీదేవి పుట్టింది మా వెంకటగిరిలోనే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఊరు తిరుపతి జిల్లాలో కలిసింది కనుక ఇప్పుడు ఆమె మీకూ మాకూ ఉమ్మడి మనిషి. ఆరేళ్ల వయసులోనే గ్రామఫోను రికార్డు ఇచ్చి, 1936లో సతీ అనసూయ చిత్రంలో బాలనటిగా కనిపించి, ఆపైన రేడియోలో లలిత గీతాలు పాడారు. సినిమా పాటలూ, కచేరీలూ తప్ప మూడో రకం పాటకు చోటు లేని రోజులలో లలిత సంగీతానికి ఆమె గొంతే ఆధారమైంది. మా ఇంట్లో మా నాన్నగారు రేడియోలో ఆమె పాట వస్తే మాట్లాడనిచ్చేవారు కారు.

ఆమె విషయంలో గమనించవలసింది ఏమిటంటే, నటన కంటే ముందే గొంతు ఉంది. మిక్సింగ్_గది గారు అన్నమాట ఇక్కడ సరిపోతుంది.

అలిపిరి_నడక
మన రోజులకు వస్తే స్మిత ఉన్నారు. 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమంలో చిన్న వయసులో పాడి, 2000 ప్రాంతంలో తెలుగు పాప్ ఆల్బమ్‌తో వచ్చారు. హిందీలో సోనూ నిగమ్ 1983లో బేతాబ్ సినిమాలో బాలనటుడు. 1999లో దీవానా అనే పాప్ ఆల్బమ్ చేసేనాటికి మధ్యలో పదహారేళ్లు గడిచాయి.

తిరుచానూరు_వీణ
ఆ పదహారేళ్లలో ఆయన ఏం చేశారో కూడా చెప్పు నాయనా. పాడుతూనే ఉన్నారు, పేరు రాకపోయినా.

వేషం_మార్చిన_పిల్ల
ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేనూ ఒకప్పటి బాలనటినే. పేరు చెప్పను. మాది చిత్తూరు. పౌరాణిక సీరియళ్లు చేసేదాన్ని. కిరీటం బరువుకు నుదుటి మీద పడిన గీత చాలాకాలం పోలేదు. ఆ రోజులలో నాకు ఒక్క విషయం బాగా అలవాటైంది. ఎవరో ఒకరు నిలబడమంటే నిలబడటం, ఏడవమంటే ఏడవటం. ప్యాకప్ చెప్పేదాకా ఆకలి వేస్తోందని కూడా చెప్పకపోవడం. సెట్టులో దాన్నే మంచి పిల్ల అంటారు.

పాటకు వచ్చాక ఆ మంచితనమే నన్ను ముంచింది. ఒక ఆల్బమ్ వాళ్లు నా చేత పాడించిన పాటలలో ఒక్కటి కూడా నేను ఎంచుకున్నది కాదు. స్కేలు ఎక్కువైందని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పలేదు. వీడియోలో వేసుకోవలసిన బట్టలు నచ్చలేదు. చెప్పలేదు. ఒప్పందం ముగిశాక చూస్తే నా పేరుతో ఉన్న ఛానెల్‌లోకి నేనే వెళ్లలేకపోయాను. ఇప్పుడు ట్రాకులు పాడుతున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను, బతుకు బాగానే ఉంది. పాట మీద ప్రేమ పోలేదు.

అక్కా, మీ అమ్మాయి నటించనని గట్టిగా అంటోందని రాశారు. ఆ గట్టిదనాన్ని దయచేసి మొండితనం అనుకోకండి. బాలనటిగా పెరిగిన పిల్ల 'వద్దు' అనగలగడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తోంది.

కొర్లగుంట_అమ్మ
మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను తల్లీ. ఏమీ మాట్లాడకుండా ఫోను తీసుకుని మళ్లీ తనే చదువుకుంది. పాటలు వినిపించమని ఆ సంస్థవాళ్లు అడిగారా అని మిక్సింగ్_గది గారు అడిగారు. అడగలేదు. ఫొటోలు మాత్రం కొత్తవి పంపమన్నారు.

చిత్తూరు_కోర్టు
ఒప్పందం విషయానికి వస్తాను. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదటిది, వయసు. బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండనివారే బాలలు. వినోద రంగంలో వారిని పని చేయించాలంటే 2017 నిబంధనల ప్రకారం నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. వరుసగా 27 రోజులు దాటకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతాన్ని జాతీయ బ్యాంకులో పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇక్కడ గమనించవలసిన చిక్కు ఏమిటంటే, మీ అమ్మాయికి 14 నిండాయి. ఈ రక్షణలు ఆమెకు ఇకపై చట్టప్రకారం వర్తించవు. నటిగా ఉన్నప్పుడు ఉన్న కంచె గాయనిగా మారే సమయానికి తొలగిపోయింది. కనుక అవే షరతులను మీరే ఒప్పందంలో రాయించుకోవాలి. పాత సీరియళ్ల కాలంలో ఆ 20 శాతం జమ అయిందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

రెండోది, మైనరు ఒప్పందం. 1872 కాంట్రాక్టు చట్టం కింద 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో, అప్పట్లో మనకు పై కోర్టు అయిన లండనులోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. అయితే మనకేం భయం, సంతకం పెట్టేద్దామని అనుకోకండి. అది రెండు వైపులా కోస్తుంది. 1940ల చివర్లో బొంబాయి హైకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. రాజ్ రాణీ అనే మైనరు నటి తరఫున ఆమె తండ్రి నిర్మాతతో ఒప్పందం చేసుకున్నాడు. నిర్మాత ఆ వేషాన్ని మరొకరికి ఇచ్చాడు. ఒప్పందమే చెల్లదు కనుక పరిహారం అడిగే హక్కు ఆ పిల్లకు లేదని కోర్టు తీర్పు చెప్పింది. అంటే డబ్బు ఇవ్వకపోతే మీ అమ్మాయి ఆ కాగితం పట్టుకుని నిలదీయడం కష్టం. తల్లిదండ్రులు తమ సొంత హామీగా పెట్టిన సంతకం మాత్రం తల్లిదండ్రుల మెడకు చుట్టుకుంటుంది. 'నష్టపరిహారం', 'హామీ' అన్న మాటలు మీ పేరు పక్కన ఎక్కడ ఉన్నా అక్కడ ఆగండి.

మూడోది, పాట ఎవరిది అన్న ప్రశ్న. కాపీరైటు చట్టంలో రికార్డింగుకు నిర్మాతే మొదటి హక్కుదారు. మాటలు రాసినందుకు, బాణీ కట్టినందుకు హక్కు రాసినవారిదీ కట్టినవారిదీ. 2012 సవరణ తరువాత గాయకులకు కూడా పాట వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు వచ్చింది. మీ అమ్మాయి తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడుతోంది. కనుక ఒక్క పాటలో ఆమెకు మూడు వేర్వేరు హక్కులు ఉన్నాయి. 'అన్ని హక్కులూ' అని ఒక్క వాక్యంలో మూడింటినీ రాయించుకోవడమే ఇలాంటి ఒప్పందాలలో మామూలుగా జరిగేది. గదిలో ఇప్పటికే కట్టుకున్న పాటల జాబితా తయారుచేసి, తేదీలతో దాచి, అవి ఈ ఒప్పందంలోకి రావని రాయించండి.

అలిపిరి_నడక
ఈ మూడో విషయంలో ఒలీవియా రోడ్రిగో మంచి ఉదాహరణ. తన రికార్డింగుల మీద హక్కు తన దగ్గరే ఉండేలా మొదటి ఒప్పందంలోనే చూసుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి.

పలమనేరు_పాఠకుడు
డబ్బు సంగతి వచ్చింది కనుక ఒక పాత కథ చెప్పాలి. చాప్లిన్ పక్కన 1921లో నటించిన జాకీ కూగన్ ప్రపంచమంతా తెలిసిన బాలనటుడు. లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దవాడయ్యాక చూసుకుంటే తల్లీ, సవతి తండ్రీ దాదాపు అంతా ఖర్చు చేసేశారు. 1938లో కోర్టుకు వెళ్లాడు. ఆ గొడవ వల్లనే 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. ఇప్పుడు అక్కడ బాల కళాకారుల సంపాదనలో 15 శాతం వేరే ఖాతాలో వేయాలి. బ్రిట్నీ స్పియర్స్ కథ ఇంకా దగ్గరిది. చిన్నప్పుడు మికీ మౌస్ క్లబ్ అనే టీవీ కార్యక్రమంలో చేసి, పదహారేళ్లకే పాప్ గాయనిగా ప్రపంచానికి తెలిసిన ఆమె 2008 నుంచి 2021 వరకు కోర్టు నియమించిన సంరక్షణ కింద ఉంది. అందులో ఎక్కువ కాలం తండ్రి చేతిలోనే.

సంస్థలను అనుమానించడం సరే. ఇంట్లో కూడా లెక్క రాయాలి. ఈ మాట కొర్లగుంట_అమ్మ గారిని ఉద్దేశించి అనడం లేదు, పిల్లల సంపాదన ఉన్న ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

కొర్లగుంట_అమ్మ
నాకు బాధేమీ లేదండీ. ఆమె సీరియల్ డబ్బులో కొంత ఇంటి మరమ్మతుకు వాడిన మాట నిజం. దాని లెక్క నా దగ్గర ఉంది. అది ఆమెకు తిరిగి చేరుస్తాం.

బ్యాంకు_కౌంటరు
పదేళ్లు దాటిన పిల్లల పేరిట వారే నడుపుకునే పొదుపు ఖాతా తెరవవచ్చు. పిల్లలు తమ ప్రతిభతో సంపాదించిన ఆదాయాన్ని ఆదాయపు పన్ను లెక్కలో తల్లిదండ్రుల ఆదాయంతో కలపరు. ఆమె పేరిటే పాన్ తీసుకుని రిటర్ను వేయాలి. యూట్యూబ్ డబ్బు మాత్రం 18 నిండేదాకా పెద్దవారి యాడ్‌సెన్స్ (ప్రకటనల డబ్బు చెల్లించే గూగుల్) ఖాతాలోకే వస్తుంది. అక్కడి నుంచి ప్రతిసారీ ఆమె ఖాతాకు మార్చండి.

గోవిందరాజ_వీధి
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఒప్పందం లేకుండా ఈ పిల్ల పాట బయటికి రాలేదా?

మిక్సింగ్_గది
తప్పకుండా వస్తుంది. ఒక మంచి మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, మందపాటి దుప్పట్లు వేలాడదీసిన ఒక గది ఉంటే గొంతు ఇంట్లోనే రికార్డు చేయవచ్చు. మిక్సింగ్, మాస్టరింగ్‌కు మాత్రం అనుభవం ఉన్నవారి దగ్గరికి వెళ్లండి. తరువాత పాటలను యాప్‌లకు చేర్చే ఏదైనా డిస్ట్రిబ్యూటరు సంస్థ ద్వారా అన్ని యాప్‌లలోనూ పెట్టవచ్చు. వేరేవాళ్ల సినిమా పాటకు కవర్ చేయడం కంటే సొంత పాట పెట్టడమే మేలు, హక్కుల తగాదా ఉండదు. బీట్ ఎక్కడైనా ఆన్‌లైనులో తీసుకుంటే దాని లైసెన్సు కాగితం దాచుకోండి.

సంస్థ వల్ల లాభమేమీ లేదని కాదు. ప్రచారం, మంచి వాద్యకారులు, వీడియో ఖర్చు, ఇవన్నీ ఒంటరిగా మోయడం బరువు. అయితే సొంతంగా పెట్టిన ఒకటి రెండు పాటలతో వెళ్లి మాట్లాడితే, వాళ్లు పాత్రను గాక పాటను చూసి మాట్లాడతారు. సబ్రీనా కార్పెంటర్ 2014లో డిస్నీ ధారావాహికతో మొదలుపెట్టి, ఆ సంస్థకే చెందిన లేబులులో వరుసగా ఆల్బమ్‌లు ఇచ్చి, 2021లో వేరే లేబులుకు మారింది. ప్రపంచమంతా ఆమె పాట మోగింది 2024లో. ఐదేళ్ల లోపు తేలకపోతే చాప చుట్టేయాలని అనుకునేవాళ్లకు ఈ పదేళ్లు కనిపించాలి.

అలిపిరి_నడక
అక్కా, మీ అమ్మాయి పాట పెట్టిన రోజున ఇక్కడ చెప్పండి. మా కాలేజీ బ్యాండువాళ్లకు నేనే వినిపిస్తాను. పాత్ర పేరు మాత్రం శీర్షికలో పెట్టవద్దని చెప్పండి. ఆ పేరు కోసం వచ్చినవాళ్లు పాట సగంలోనే వెళ్లిపోతారు.

వేషం_మార్చిన_పిల్ల
ఇందులో నా అభిప్రాయం వేరు. ఆ పాత్రను ఆమె ఎండలో, అర్ధరాత్రి షూటింగుల్లో నిలబడి సంపాదించుకుంది. దాన్ని దాచుకోనక్కరలేదు. శీర్షికలో వద్దు గానీ, పరిచయంలో ఒక్క వాక్యం ఉండవచ్చు. ఉండాలో వద్దో ఆమెనే చెప్పనివ్వండి.

కొర్లగుంట_అమ్మ
నిన్న రాత్రి ముగ్గురం కూర్చుని ఈ చర్చంతా మొదటి నుంచి చదివాము. మా వారు కూడా రాజ్ రాణీ కేసు దగ్గర ఆగిపోయి మళ్లీ చదివారు. ప్రస్తుతానికి సంతకం పెట్టడం లేదు. 18 నిండిన రోజుతో ముగిసేలా, పాత పాటలను మినహాయించి, పేరు, ఛానెల్ అమ్మాయి దగ్గరే ఉండేలా, నెలకో పాట షరతు తీసేసి కొత్త కాగితం పంపమని ఆ సంస్థకు రాశాము. ఒప్పుకుంటే చిత్తూరు_కోర్టు గారి వంటివారికి చూపించిన తరువాతే ముందుకు వెళ్తాం.

పొద్దున తంబూరా యాప్ పెట్టి చూసుకుంది. ఆరు శ్రుతిలో పాడుతున్న పాటను ఐదుకు దించితే పై స్వరాలు హాయిగా వచ్చాయి. దించాక పాట దిగులుగా వినిపిస్తోందనీ, అదే బాగుందనీ అంటోంది. వీణ మేడం, మీ దగ్గరికి వారానికి రెండు రోజులు పంపవచ్చా? మేము కొర్లగుంటలో ఉంటాం, తిరుచానూరు దూరం కాదు.

తిరుచానూరు_వీణ
పంపండమ్మా. సాయంత్రం ఐదు తరువాత ఎప్పుడైనా రావచ్చు. తను రాసుకున్న పాటల పుస్తకం కూడా తెచ్చుకోమనండి. సరళీ వరుసలతో పాటు వాటినీ పాడిద్దాం.

చిత్తూరు_కోర్టు
కొత్త ముసాయిదా వస్తే పేర్లు కొట్టేసి షరతులు మాత్రం ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఒకటి మరచిపోయాను. ఒప్పందం 18 నిండగానే దానంతట అదే పొడిగించబడుతుందన్న వాక్యం చివరి పేజీలలో ఉంటుంది. మైనరుగా ఉన్నప్పటి ఒప్పందాన్ని తరువాత ఆమోదించి బతికించడానికి చట్టంలో వీలు లేదు. ఆనాటికి ఆమె స్వయంగా చదువుకుని, కొత్త కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ వాక్యం కనిపిస్తే కొట్టేయించండి.